మీనింగ్ తెలుసు, వాడడం తెలీదు

(బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, తెలుగు ఉద్యోగులూ స్టూడెంట్సూ కలుసుకునే ఆదివారం మీటింగ్‌లో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, స్వల్ప అడ్జస్ట్ మాడి. (నవ్వులు)

నవ్వారు కదా, ఆ స్వల్ప దగ్గరే మొదలుపెడతాను. బెంగళూరులో దిగిన వారానికల్లా మనందరి నోటికీ వచ్చేసే కన్నడ మాట అది. నిజానికి ఆ మాట మనకి కొత్తదేం కాదు, తెలుగులో స్వల్పం ఉంది, అర్థం కూడా కొంచెం అనే. డిక్షనరీలో చూస్తే రెండిటికీ తేడా దొరకదు. మరి మన స్వల్పం ఎక్కడ కనపడుతుంది? పేపర్లో. స్వల్ప గాయాలతో బయటపడ్డారు, స్వల్ప మెజారిటీతో గెలిచారు, మంత్రిగారికి స్వల్ప అస్వస్థత. అంతే. ఇంట్లో కూర్చుని అమ్మా స్వల్పం చట్నీ వెయ్యవే అన్నారనుకోండి, వీడికేమైంది అని అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది. అదే ఇక్కడ నిలబడి టిఫిన్ తినే దర్శిని హోటల్లో ప్లేటు పట్టుకుని స్వల్ప చట్నీ హాకి అంటే కౌంటర్ అతను తలెత్తకుండా వేసేస్తాడు. మాట అదే, మీనింగ్ అదే, కానీ అది తిరిగే చోట్లు వేరు, దాని పక్కన కూర్చునే మాటలు వేరు. తెలుగులో ఇది మనకి ఎవరూ చెప్పలేదు, ఏ టీచరూ రూల్ రాయించలేదు, వేలసార్లు విన్నాం కాబట్టి తెలుసు. ఇంగ్లిష్‌లో మనం అన్నిసార్లు వినలేదు. అక్కడే వస్తోంది చిక్కంతా.

నేను చేసేది డాక్యుమెంట్లు దిద్దే పని. ఇంజినీర్లు రాసిన మాన్యువల్స్, క్లయింట్‌కి వెళ్లే రిపోర్టులు, మెయిల్స్ ఇవన్నీ చూస్తుంటాను. మనవాళ్లకి గ్రామర్ రాదంటారు, నాకలా అనిపించదు, గ్రామర్ బానే నెట్టుకొస్తారు. తేడా ఎక్కడ కొడుతుందంటే పెద్ద మాటల దగ్గర. పెద్ద మాట మీనింగ్ కరెక్టే, పెట్టిన చోటే కరెక్ట్ కాదు. ఎందుకంటే ఆ మాట వాళ్లకి లిస్టులోంచి వచ్చింది, ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు ఒక తెలుగు మాట, మధ్యలో గీత. పెళ్లిచూపుల్లో ఫోటో ఒక్కటే చూసి ఓకే అన్నట్టు. (నవ్వులు)

ఉదాహరణకి మిటిగేట్. ఇక్కడ ఐటీలో ఉన్నవాళ్లు రోజూ వినేదే, రిస్క్ మిటిగేషన్ ప్లాన్ అని స్లైడ్ లేకుండా ఏ ప్రాజెక్టూ మొదలవదు. లిస్టులో దానికి ఏం రాసుంటుంది, తగ్గించుట. సరే, తగ్గించుటే అయితే జీతాన్ని మిటిగేట్ చేశారు అనొచ్చా? ఏసీ టెంపరేచర్ మిటిగేట్ చెయ్ అనొచ్చా? డిస్కౌంట్ ఇచ్చి ధర మిటిగేట్ చేశాం అనొచ్చా? అనకూడదు. మిటిగేట్ చేసేది చెడ్డదాన్నే. రిస్కు, డ్యామేజీ, ఇంపాక్టు, కరువు దెబ్బ, కాలుష్యం దెబ్బ, ఇలాంటివి. అదీ పూర్తిగా లేకుండా చెయ్యడం కాదు, దెబ్బ తీవ్రత తగ్గించడం. క్లయింట్‌కి రిస్క్ మిటిగేట్ చేశాం అని రాస్తే రిస్క్ ఇంకా ఉంది అని ఒప్పుకున్నట్టే. ఎలిమినేట్ అంటే వేరే సంగతి, అప్పుడు రేపేదన్నా జరిగితే మెడకి చుట్టుకుంటుంది. చూడండి, తగ్గించుట అనే ఒక్క మాటలో ఇవేవీ లేవు. దీని పక్కనే మిలిటేట్ అని ఇంకో మాట ఉంది, చూడడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, అది అగెన్‌స్ట్ తోడు లేకుండా దాదాపు కదలదు, ఫలానాది జరక్కుండా అడ్డం పడుతోంది అనే చోట వస్తుంది. ఇంగ్లిష్ వాళ్లే రెండిటినీ కలిపేస్తుంటారు, కాబట్టి మనం మరీ సిగ్గుపడక్కర్లేదు.

జె. ఆర్. ఫర్త్ అని ఇంగ్లండ్‌లో లింగ్విస్టిక్స్ ప్రొఫెసర్, 1957లో ఆయన రాసిన ఒక మాట ఈ ఫీల్డ్‌లో అందరూ చెప్పుకుంటారు, ఒక మాట ఎలాంటిదో దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని. మనూళ్లో పెద్దవాళ్లు మనుషుల గురించి అనేదే ఆయన మాటల గురించి అన్నాడు. తర్వాత కంప్యూటర్లు వచ్చి కోట్ల మాటల టెక్స్ట్‌ని ఒకచోట పోసి వెతకడం మొదలయ్యాక ఈ సావాసాలు లెక్కలతో సహా బయటపడ్డాయి. కాజ్ అనే చిన్న మాట తీసుకోండి, ఐదో క్లాసు మాట, దానికి డిక్షనరీలో కలిగించు అని తప్ప మంచీ చెడూ ఏం ఉండదు. కానీ మైఖేల్ స్టబ్స్ లాంటి వాళ్లు వెతికి చూస్తే దాని తర్వాత వచ్చేవన్నీ దాదాపు చెడ్డవే, ప్రాబ్లమ్, డ్యామేజ్, డెత్, కన్సర్న్. అందుకే మీ మేనేజర్‌కి థాంక్స్ చెబుతూ యూ కాజ్డ్ మై ప్రమోషన్ అని రాస్తే ఆయనకి ఏదోలా ఉంటుంది, ఎందుకో ఆయనే చెప్పలేడు.

మనకీ ఉన్నాయి ఇలాంటివి. నిర్వాకం. అసలు చూస్తే ఒక పని నిర్వహించడమే కదా. కానీ నీ నిర్వాకం చూశాను అని ఎవరైనా అంటే పొగిడారనుకునే తెలుగువాడు ఉంటాడా? ఘనకార్యం కూడా అంతే. తెలుగు నేర్చుకుంటున్న ఒక అమెరికా ఆయన మీ అబ్బాయి పెళ్లి నిర్వాకం చాలా బాగుందండీ అన్నాడనుకోండి... (నవ్వులు) మన పెద్ద ఇంగ్లిష్ మాటలు అవతలివాళ్లకి అప్పుడప్పుడు అలా వినిపిస్తుంటాయి.

సరే, డెఫినిషన్ పనికిరాదు అంటున్నానా? అనట్లేదు. ఎలాంటి డెఫినిషన్ అనేది చూసుకోవాలి. 1755లో శామ్యూల్ జాన్సన్ వేసిన డిక్షనరీ చాలా గొప్పది, కానీ అందులో నెట్‌వర్క్ అనే మాటకి ఇచ్చిన అర్థంలో రెటిక్యులేటెడ్, డెకస్సేటెడ్, ఇంటర్‌స్టిసెస్ అని మూడు కొత్త మాటలు తగులుతాయి. ఇక్కడ నెట్‌వర్క్ ఇంజినీర్లు ఎంతమంది ఉన్నారు, చెయ్యెత్తండి. చూడండి, రోజూ నెట్‌వర్క్‌తోనే బతికే మీకు కూడా ఆ డెఫినిషన్ చదివితే నెట్‌వర్క్ అంటే ఏంటో తెలీకుండా పోతుంది. ఇంగ్లిష్ బాగా వచ్చినవాడి కోసం ఇంగ్లిష్ బాగా వచ్చినవాడు రాసుకుంది అది. నేర్చుకునేవాడి కోసం డిక్షనరీ వేరేగా ఉండాలనే ఆలోచన ఇరవయ్యో శతాబ్దంలో గట్టిపడింది, అదీ ఇంగ్లండ్‌లో కూర్చున్నవాళ్లకి కాదు, ఇటువైపు వచ్చి పాఠాలు చెప్పినవాళ్లకి తట్టింది. మైఖేల్ వెస్ట్ ఢాకాలో పనిచేశాడు, అప్పుడది మన బెంగాలే. పిల్లలకి డిక్షనరీలో అర్థమే అర్థం కావట్లేదని చూసి, 1935లో 1,490 మాటలే వాడి మొత్తం డెఫినిషన్లన్నీ రాసిన డిక్షనరీ తెచ్చాడు. హార్న్‌బీ జపాన్‌లో పాఠాలు చెప్పాడు, ఆయన డిక్షనరీ మొదట 1942లో టోక్యోలో వచ్చింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు, మీలో చాలామంది కొన్న అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వంశమే. 1978లో లాంగ్‌మన్ వాళ్లు సుమారు 2,000 మాటల్లోనే అర్థాలన్నీ చెప్పారు. 1987లో కోబిల్డ్ అని బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ టీమ్ తెచ్చింది ఇంకో అడుగు ముందుకేసింది, అర్థాన్ని కూడా ముక్కగా కాకుండా పూర్తి వాక్యంగా రాశారు, మీరు ఫలానాదాన్ని ఇలా చేస్తే అలా అవుతుంది అనే పద్ధతిలో. అంటే డెఫినిషన్ చదువుతుంటేనే ఆ మాట వెనక ఏం వస్తుంది, మనిషి వస్తాడా వస్తువు వస్తుందా, అన్నీ తెలిసిపోతాయి. నన్నడిగితే అడ్వాన్స్‌డ్ మాటలకి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్, కోబిల్డ్ లెర్నర్స్ డిక్షనరీలు ఇప్పుడు ఫోన్లో ఫ్రీగా చూసుకోవచ్చు. పుస్తకమే కావాలంటే చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్ షాపుల్లోనో అవెన్యూ రోడ్డులోనో వెతకండి, పాత ఎడిషన్ లెర్నర్స్ డిక్షనరీలు దొరుకుతుంటాయి, పాతదైతే ఏం, మిటిగేట్ ఏం మారలేదు. ఇంగ్లిష్ టు ఇంగ్లిష్ డిక్షనరీ కొంటున్నప్పుడు ఒక్కటే చూడండి, అర్థం కింద వాక్యం ఉందా లేదా. లేకపోతే పెట్టేయండి అక్కడే.

ఇంకో సంగతి చెబుతాను, ఇది నాకు భలే ఇష్టం. పెద్ద ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఉంది కదా, 1857లో అనుకున్నారు, 1879లో జేమ్స్ మర్రే ఎడిటర్ అయ్యాడు, పూర్తయింది 1928లో, అప్పటికి ఆయన పోయి చాలా ఏళ్లయింది. దాన్ని ఎలా తయారుచేశారంటే ఎవరో పండితుడు కూర్చుని అర్థాలు రాయలేదు. మీరు చదివే పుస్తకాల్లో ఏ మాట ఎలా వాడారో ఆ వాక్యం చీటీ మీద రాసి పంపండి అని జనాన్ని అడిగారు. చీటీలు బస్తాలు బస్తాలుగా వచ్చాయి. వాటిని గూళ్లలో సర్దుకుని, ఒక మాటవి చీటీలన్నీ బల్ల మీద పరుచుకుని చూసి, అప్పుడు అర్థం రాశారు. మొదటి ఎడిషన్‌లో అచ్చయిన వాక్యాలే 18 లక్షలకు పైన. చూశారా, ముందు వాక్యాలు, తర్వాత డెఫినిషన్. అర్థం చెప్పేవాడికే వాక్యాలు లేకుండా అర్థం తెలీలేదు, మనమేమో ఆ చివరి ముక్క ఒక్కటి కోసుకుని బట్టీ పడుతున్నాం. కడప వాళ్లున్నారా ఇక్కడ? ఆ, ఉంటారు, మీరు లేని చోటు బెంగళూరులో ఉండదు. మీ ఊళ్లో బ్రౌన్ లైబ్రరీ ఉంది కదా, ఆయన తెలుగు ఇంగ్లిష్ నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది, ఆయన కూడా ఊరికే అర్థం ఇచ్చి వదలకుండా కావ్యాల్లోంచీ జనం మాటల్లోంచీ వాడుకలు తెచ్చి పెట్టాడు. పరాయి భాష నేర్చుకున్నవాడు కాబట్టి ఆయనకి తెలుసు ఏది కావాలో.

ఇప్పుడు వాక్యం లేకపోతే అసలు అర్థమే తెలీని మాటలు కొన్ని చూద్దాం. శాంక్షన్. లోన్ శాంక్షన్ అయ్యిందంటే స్వీట్లు పంచుతాం. టీవీలో రష్యా మీద శాంక్షన్స్ అంటే ఆంక్షలు. ఒకటి అనుమతి, ఒకటి శిక్ష, ఒకే మాట. ఓవర్‌సైట్ ఇంకా తమాషా. పొరపాటున చూసుకోకపోవడం అనే అర్థం ఉంది, పైనుంచి చూసుకోవడం అనే అర్థమూ ఉంది. ఎలా కనిపెట్టాలి? ఆ మాటకి ముందు ఏన్ అనే ఆర్టికల్ ఉందో లేదో చూడండి. ఇట్ వాజ్ ఏన్ ఓవర్‌సైట్ అంటే పొరపాటు జరిగింది. షీ హాజ్ ఓవర్‌సైట్ ఆఫ్ ద ప్రాజెక్ట్ అంటే ఆవిడ ప్రాజెక్టు మొత్తం పర్యవేక్షిస్తోంది. రెండోదాంట్లో మామూలుగా ఏన్ రాదు. హార్న్‌బీ డిక్షనరీలో మాట పక్కన సి అనీ యు అనీ చిన్న అక్షరాలు ఉంటాయి కదా, కౌంటబుల్ అన్‌కౌంటబుల్, అందరూ దాటేసి వెళ్లిపోతారు, అవి ఉన్నది ఇందుకే. మేనేజర్ ఓవర్‌సైట్ వల్ల ప్రాజెక్ట్ ఇలా అయింది అని రాసేముందు రెండుసార్లు చూసుకోండి. (నవ్వులు)

అమెరికా క్లయింట్లతో కాల్స్ మాట్లాడేవాళ్లకి ఒకటి. టేబుల్ అనే క్రియ. మన పార్లమెంటులో బిల్లు టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారని. బ్రిటన్‌లోనూ అంతే, చర్చకి పెట్టడం. అమెరికాలో లెట్స్ టేబుల్ దిస్ అంటే పక్కన పెడదాం, ఇప్పుడొద్దు అని. పూర్తిగా రివర్స్. క్లయింట్ టేబుల్ చేద్దాం అన్నాడని మీరు రాత్రంతా కూర్చుని స్లైడ్స్ చేసుకుని రెడీగా ఉంటే ఆయన దాని ఊసే ఎత్తడు.

అలాగే రివర్ట్. కైండ్లీ రివర్ట్ అని రాయని ఇండియన్ మెయిల్ ఉందా? జవాబివ్వండి అనే అర్థంలో మన దేశంలో బాగా నాటుకుపోయింది. బయటివాళ్లకి రివర్ట్ అంటే వెనకటి స్థితికి వెళ్లిపోవడం. మీకు తెలీనిదేం కాదు, కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో రివర్ట్ కొడితే ఏమవుతుంది? చేసిన పని వెనక్కి పోతుంది. కోడ్ పంపించి ప్లీజ్ రివర్ట్ అని రాస్తే అవతల కొత్తగా చేరిన జర్మన్ కుర్రాడు ఏం చెయ్యాలి పాపం? నేను మన ఇంగ్లిష్ తప్పు అనే బ్యాచ్ కాదు, ప్రిపోన్ అనేది మన దేశం ఇచ్చిన బంగారం లాంటి మాట, పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు అది ఉండాల్సిందే. ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకోండి అంటున్నా, అంతే.

ఇప్పుడు అసలు పని. ఎగ్జాంపుల్ సెంటెన్స్ అంటే ఏదో ఒక సెంటెన్స్ కాదు. మెటిక్యులస్ నేర్చుకున్నారు, నోట్‌బుక్‌లో హీ ఈజ్ వెరీ మెటిక్యులస్ అని రాసుకున్నారు. ఆ మాట మీద వేలు పెట్టి మూసేయండి. హీ ఈజ్ వెరీ డ్యాష్. అక్కడ ఏం పెట్టొచ్చు? టాల్, ఫ్యాట్, లేజీ, రిచ్, ఏదైనా పెట్టొచ్చు. ఏదైనా పట్టే వాక్యంలో ఏం నేర్చుకున్నట్టు? అదే ఇలా రాయండి, మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఆవిడ ఎంత మెటిక్యులస్ అంటే స్క్రీన్‌షాట్‌లో టైమ్ కూడా సరిపోయిందో లేదో చూస్తుంది. ఇప్పుడు మూస్తే? లేజీ పట్టదు, రిచ్ పట్టదు. పక్కన కూర్చున్నవాడికి డ్యాష్ పెట్టి ఇవ్వండి, అతను ఆ మాటకో దానికి చుట్టమైన మాటకో దగ్గరగా వస్తే మీ వాక్యం పాస్. జీఆర్ఈ రాసేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, 2011లో పరీక్ష మార్చినప్పుడు యాంటొనిమ్సూ అనాలజీసూ తీసేసి వాక్యంలో ఖాళీలు పూరించేవి పెంచారు. అయినా మనవాళ్లు ఇంకా పాత లిస్టులే తిప్పుతున్నారు, ఆ పీడీఎఫ్‌లు సీనియర్ నుంచి జూనియర్‌కి ఆస్తిలా వస్తున్నాయి.

ఒకటి ఇక్కడే చేద్దాం. ఎగ్జాసర్బేట్. ఎవరైనా వాక్యం చెప్పండి. ఆ, బ్లూ షర్ట్, చెప్పు నాన్నా.

(సభలో ఒకరు: ట్రాఫిక్ ఎగ్జాసర్బేటెడ్ మై లేట్, మేడమ్.)

బావుంది, బతుకులోంచి వచ్చింది. రెండు చూద్దాం. లేట్ అనేది అక్కడ నౌన్ కాదు, అది చిన్న సంగతి, డిలే అంటే సరిపోతుంది. రెండోది పెద్దది. ఎగ్జాసర్బేట్ అంటే చెడగొట్టడం కాదు, ఆల్రెడీ చెడింది ఇంకా చెడడం. ముందే ఒక ఏడుపు ఉండాలి, దాని మీద ఇంకోటి పడాలి. నువ్వు ట్రాఫిక్ వల్ల లేటయ్యావంటే ట్రాఫిక్ లేటు చేసింది అంతే, అది కాజ్. అప్పటికే లేటుగా బయల్దేరి ఉంటే, అప్పుడు ఎగ్జాసర్బేట్ వస్తుంది. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ వాన లేనప్పుడు ఎలా ఉంటుంది? నరకం. వాన పడితే? అదీ. ద రెయిన్ ఎగ్జాసర్బేటెడ్ ద ట్రాఫిక్ ఎట్ సిల్క్ బోర్డ్. దీన్ని తెలుగులో ఏమంటాం?

(సభలోంచి: మూలిగే నక్క మీద తాటిపండు!)

శభాష్ ఎవరది. మూలిగే నక్క మీద తాటిపండు పడడం. మూలుగు ముందే ఉంది. నోట్‌బుక్‌లో ఎగ్జాసర్బేట్ ఎదురుగా తీవ్రతరం చేయు అని రాసుకునే బదులు ఆ నక్కని రాసుకోండి, ఇక చచ్చినా తప్పు చోట పెట్టరు. తీవ్రతరం చేయు అని రాసుకుంటే రేపు ఉద్యమాన్ని ఎగ్జాసర్బేట్ చేశారు అని రాస్తారు, ఎందుకంటే పేపర్లో ఉద్యమం తీవ్రతరం అవుతుంటుంది కదా. ఉద్యమం చేసేవాళ్లకి అది చెడ్డది కాదు, అక్కడ ఇంటెన్సిఫై కావాలి.

ఎన్ని మాటలు కావాలి అని అందరూ అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. న్యూజిలాండ్‌లో పాల్ నేషన్ 2006లో లెక్క వేశాడు, నవలలూ పేపర్లూ ఎవరి సాయం లేకుండా చదువుకోవాలంటే ఎనిమిది తొమ్మిది వేల వర్డ్ ఫ్యామిలీలు తెలియాలని, ఫ్యామిలీ అంటే డెవలప్, డెవలపర్, డెవలప్‌మెంట్ అన్నీ కలిపి ఒకటి. భయపడకండి, అందులో చాలా మీకు ఇప్పటికే తెలుసు. యావెరిల్ కాక్స్‌హెడ్ 2000లో అకడమిక్ వర్డ్ లిస్ట్ ఇచ్చింది, 570 ఫ్యామిలీలు, చదువుల పుస్తకాల్లో, రీసెర్చ్ పేపర్లలో వచ్చే మాటల్లో సుమారు పదో వంతు అవే. లిస్టులు వద్దని ఇంతసేపు తిట్టి మళ్లీ లిస్ట్ చెబుతున్నానేంటి అనుకోకండి, ఏ మాటలు ముందు అనేది చెప్పడానికి లిస్టు మంచిదే, దాన్నే పాఠం అనుకోకూడదు. ఫ్లోక్సినాసినిహిలిపిలిఫికేషన్ నేర్చుకుని ఏం చేస్తాం, ఆఫీసులో దాన్ని వాడే సందర్భం వచ్చేసరికి రిటైరవుతాం. కంటింజెంట్, అండర్‌మైన్, ప్లాజిబుల్, టెంటటివ్, ఇలాంటివి రోజూ కళ్ల ముందు తిరిగేవి, వీటితో మొదలుపెట్టండి.

మర్చిపోవడం గురించి కూడా ఒక ముక్క. ఎబింగ్‌హౌస్ అని జర్మన్ ఆయన 1885లో మరుపు మీద పుస్తకం వేశాడు, తన మీద తనే ప్రయోగాలు చేసుకున్నాడు. నేర్చుకున్న మొదటి గంటల్లోనే ఎక్కువ పోతుంది, తర్వాత మెల్లగా పోతుంది అని తేల్చాడు. ఆ మధ్య మధ్యలో గుర్తు చేసుకుంటే నిలబడుతుంది, ఆంకీ లాంటి ఫ్లాష్‌కార్డ్ యాప్‌లన్నీ దాని మీదే నడుస్తున్నాయి, వాడుకోండి. కానీ ఆయన బట్టీ పట్టింది ఏంటో తెలుసా? అర్థం లేని అక్షరాల ముక్కలు. కావాలనే అలా పెట్టుకున్నాడు, అర్థం ఉంటే తొందరగా మర్చిపోడు కాబట్టి లెక్క తప్పుతుందని. మనమేమో అర్థం ఉన్న మాటల్ని తీసుకొచ్చి వాక్యం పీకేసి, సందర్భం పీకేసి, అర్థం లేని ముక్కల్లా మార్చుకుని బట్టీ పడతాం, మళ్లీ గుర్తుండట్లేదు మేడమ్ అంటాం. యాప్‌లో కార్డు చేసుకుంటే ఒకవైపు మీ వాక్యం డ్యాష్‌తో పెట్టండి, వెనక మాట పెట్టండి. మాట ముందు పెట్టి మీనింగ్ వెనక పెడితే మళ్లీ ఆ లిస్టే ఫోన్లోకి వచ్చినట్టు.

సరే, ప్రశ్నలుంటే అడగండి. హాల్ మనకి ఒంటిగంట దాకే ఇచ్చారు, తర్వాత ఎవరిదో బర్త్‌డే ఉందట.

(ప్రశ్న: మేడమ్, పరీక్షకి టైమ్ తక్కువుంది. ప్రతి మాటకీ వాక్యం రాస్తూ కూర్చుంటే అవుతుందా?)

అన్నిటికీ అవదు, నిజమే. అన్నిటికీ రాయకు. చదవగానే అర్థమైపోయి వదిలేయొచ్చు అనిపించేవి వదిలేయ్, యుబిక్విటస్ అంటే అంతటా ఉండేది, ఓలా ఆటోలు ఊబర్ ఆటోలు, అయిపోయింది. ఒకదానికొకటి దగ్గరగా ఉండి కన్‌ఫ్యూజ్ చేసేవాటికి మాత్రం రాయి. లకోనిక్, టాసిటర్న్, రెటిసెంట్ మూడూ తక్కువ మాట్లాడేవే కదా, లిస్టులో మూడిటికీ మితభాషి అనే ఉంటుంది. లకోనిక్‌ని జవాబుకి కూడా వాడొచ్చు, ముక్తసరిగా కొట్టినట్టు చెప్పడం. పాతకాలం గ్రీసులో స్పార్టా వాళ్ల కథ ఉంది, మాసిడోనియా రాజు ఫిలిప్ నేను మీ లకోనియాలో అడుగుపెట్టానంటే మిమ్మల్ని నేలమట్టం చేస్తా అని కబురంపితే వాళ్లు ఒక్క మాట తిరిగి పంపారట, ఇఫ్ అని. అడుగుపెడితే కదా. ఆ ప్రాంతం పేరే మాట అయింది. టాసిటర్న్ మనిషి స్వభావమే అంత, పలకడు. రెటిసెంట్ మనిషి చెప్పగలడు కానీ కొన్ని విషయాలు చెప్పడు, జీతం ఎంత అంటే నవ్వేసి కాఫీ తాగుదామా అంటాడు చూడు, అతను. ముగ్గురికీ మీ ఆఫీసులోంచే మనుషుల్ని పెట్టుకో, పేర్లు మాత్రం నోట్‌బుక్‌లో రాయకు.

(ప్రశ్న: వాక్యాలు ఏఐతో రాయించుకోవచ్చా?)

రాయించుకోవచ్చు, చదవడానికి. వంద వాక్యాలు క్షణంలో ఇస్తుంది, సావాసం చూడ్డానికి బానే ఉంటుంది. కానీ నీ వాక్యం ముందు నువ్వు రాయి, తర్వాత ఈ మాట ఇక్కడ సహజంగా ఉందా, ఎందుకు లేదు అని అడుగు. అనుమానమొస్తే డిక్షనరీలో వాక్యం పక్కన పెట్టి చూడు, రెండూ ఒకే మాట చెబుతున్నాయా అని. దాన్నే రాయమంటే అది నేర్చుకుంటుంది, నువ్వు కాపీ కొడతావు.

(ప్రశ్న: తెలుగు మీడియంలో చదివాను మేడమ్. తెలుగులో అర్థం రాసుకోవడం మానేసి ఇంగ్లిష్‌లోనే ఆలోచించమంటున్నారు అందరూ.)

ఎవరమ్మా ఆ అందరూ? (నవ్వులు) తెలుగు ఉండడం అడ్డం కాదు. ఇందాక నక్క ఎవరికి పనికొచ్చింది, తెలుగు వచ్చినవాళ్లకే కదా. ఒక్క పొడి మాట రాసుకోవడం దగ్గరే ఇబ్బంది. తెలుగులో కూడా వాక్యమే రాసుకో, లేదా సామెత, లేదా మీ అమ్మ ఆ సందర్భంలో ఏమంటుందో అది. అండర్‌మైన్ అంటే బలహీనపరచు అని రాసుకుంటే ఏం గుర్తుంటుంది, కాళ్ల కింద మట్టి తవ్వేయడం, వెనకాల గోతులు తియ్యడం అని రాసుకో, మైన్ ఎందుకు ఉందో కూడా తెలిసిపోతుంది. మన భాషలోంచి వాళ్లు కూడా తీసుకున్నారులే, బ్యాండికూట్ అంటే మన పందికొక్కే, తెలుగు నుంచి వెళ్లిందని వాళ్ల డిక్షనరీలే రాస్తాయి, ఆస్ట్రేలియాలో వేరే జంతువుకి కూడా ఆ పేరు పెట్టేసుకున్నారు.

(ప్రశ్న: రాయడం వస్తుంది మేడమ్, మీటింగ్‌లో పలకాలంటే భయం. తప్పు పలుకుతానేమోనని చిన్న మాటే వాడేస్తా.)

ఇది మంచి ప్రశ్న, చూసి నేర్చుకున్నవాళ్లందరికీ ఉండేదే. మనం తెలుగువాళ్లం, రాసిందంతా పలకడం మనకి అలవాటు, అక్షరం ఉంటే శబ్దం ఉండాలి. వాళ్లకి ఆ నియమం లేదు. ఎపిటోమ్ అనుకుంటాం, ఎపిటమీ అనాలి. హైపర్‌బోల్ కాదు, హైపర్బలీ. సటిల్‌లో బి ఊరికే కూర్చుంటుంది, పని చెయ్యదు. indict అని రాసి ఇన్‌డైట్ అంటారు, అందులో సి కూడా అంతే. కొత్త మాటకి వాక్యం రాసుకున్నప్పుడే డిక్షనరీ యాప్‌లో స్పీకర్ బొమ్మ ఉంటుంది, నొక్కి విను, మాట ఒక్కటే కాదు నీ వాక్యం మొత్తం రెండు మూడు సార్లు పైకి అను, మీటింగ్‌లో నోటికొచ్చేది వాక్యమే కాబట్టి. బస్సులో అయితే ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, ఫోన్ మాట్లాడుతున్నారనుకుంటారు.